ఆకలి వేస్తోందా?



ఉదయం రౌండ్సుకు వచ్చిన డాక్టరుగారు చార్టు చూసి, నాడి చూసి, తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "ఆకలి వేస్తోందా అమ్మా?" కామెర్లు వచ్చినవారికి అన్నం చూస్తేనే వెగటు. క్షయ ఉన్నవారికి ఆకలి మందగించి ఒళ్ళు తగ్గిపోతుంది. టైఫాయిడ్ తగ్గుముఖం పట్టిన రోజున బిడ్డ "కొంచెం చారన్నం పెట్టమ్మా" అంటే చాలు, మంచం పక్కన కూర్చున్న తల్లి ముఖం వెలిగిపోతుంది. రిపోర్టు రాకముందే ఆమెకు సంగతి తెలిసిపోతుంది.

ఆత్మకూ ఇలాంటి ఆకలి ఉంది. కొండమీద ప్రసంగంలో ప్రభువు నీతి కోసం ఆకలిదప్పులు గలవారిని ధన్యులన్నాడు గాని, కడుపు నిండినవారిని అనలేదు. "ప్రార్థన చేయాలనిపించడం లేదు అయ్యగారూ, బైబిలు తెరిస్తే ఒక్క మాటా లోపలికి పోవడం లేదు" అని మా చాప్లిన్ గారి దగ్గర కన్నీళ్ళు పెట్టుకునేవారు చాలామంది. వారికి మేము మొదట చెప్పేది, ఆ బాధే ఆకలి అని. ఆకలి పూర్తిగా చచ్చినవారికి ఆ బాధ ఉండదు.

అది ఎందుకు మందగిస్తుంది? పిల్లల డాక్టరు దగ్గరకు వచ్చే తల్లులు "మావాడు అన్నమే ముట్టడండీ" అంటారు. చేతిసంచిలో చూస్తే సగం తిన్న చిప్స్ ప్యాకెట్టు ఉంటుంది. మన సంగతీ అంతే. రాత్రి పదింటిదాకా సీరియళ్ళు, ఆ తర్వాత సెల్‌ఫోన్, ఇక నిద్ర ముంచుకొస్తుండగా ప్రార్థన. ఇవన్నీ పాపమని మేము అనడం లేదు, మేమూ చూస్తాము. భోజనానికి ముందు చిరుతిండి తిన్నవాడికి ఆకలి వేయదని మాత్రమే చెబుతున్నాము.

ఇంకొక కారణం ఉంది. దాన్ని సంఘాలలో తగినంతగా చెప్పుకోవడం లేదని మా అభిప్రాయం. కొన్నిసార్లు చల్లారినది విశ్వాసం కాదు, జబ్బుపడినది శరీరం. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా మనిషి దేనిమీదా ఆసక్తి లేకుండా నీరసించిపోవచ్చు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టక, తిండి సహించక, ఏడుపు వస్తూ, ప్రార్థన కూడా భారమైతే అది మానసిక కుంగుబాటు కావచ్చు. దానికి మందులున్నాయి. "నీలో విశ్వాసం లేదు" అని అలాంటివారిని గద్దించడం పుండుమీద కారం చల్లడమే. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఏలీయా ప్రవక్తను చూడండి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఆయన చెట్టు క్రింద పడి చావు కోరుకున్నాడు. దేవదూత ఆయనకు ప్రసంగం చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళబుడ్డి పెట్టి లేచి తినమన్నాడు. ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మెల్లని స్వరం వినడం ఆ తర్వాతి సంగతి.

ఇక ఆకలి తిరిగి వచ్చినవారికి ఒక హెచ్చరిక. 1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు శిబిరాలనుండి విడుదలైనవారిలో, నెలల తరబడి పస్తులున్న తర్వాత ఒక్కసారిగా బాగా తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఎండిపోయిన శరీరంలోకి ఒక్కసారిగా ఆహారం పడితే, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం కణాలలోకి వెళ్ళిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే చాలా రోజులు తినని రోగికి మేము కొద్దికొద్దిగా మొదలుపెడతాము. బంధువులకు అది పిసినారితనంగా కనిపిస్తుంది!

కన్వెన్షన్ కూటాలలో కదిలింపబడి, "రేపటినుండి రోజుకు పది అధ్యాయాలు, తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన" అని తీర్మానించుకొని, రెండు వారాలకే మానేసి సిగ్గుతో గుడికి కూడా రానివారిని మీరెరుగుదురు. వారు ఒక చిన్న కీర్తనతో మొదలుపెట్టి ఉంటే బాగుండేది. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నా ఏ రోజుకారోజే ఏరుకోవాలి. సబ్బాతుకు ముందురోజు తప్ప, మర్నాటికి దాచుకున్నది పురుగు పట్టింది.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారి కాలంలో ఆ గ్రామ సంఘాలలో ఎక్కువమంది చదువురాని వ్యవసాయ కూలీలు. పొద్దు గూకి పొలాలనుండి వచ్చాక ప్రార్థనకు కూడేవారు. ఉపదేశి చెబితే తిరిగి చెప్పి ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు, కీర్తనలు కంఠతా పట్టేవారు. ఒక పూటకు కొంచెమే. కాని ఆ కొంచెం నాటు వేసేటప్పుడు, దంచేటప్పుడు నోట్లో నానుతూ ఉండేది. ఇప్పుడు చదువు వచ్చింది, ప్రతి ఇంట్లో బైబిలు ఉంది, కంఠతా వచ్చేది మాత్రం తగ్గింది. సబ్బుతో చేతులు సరిగా కడుక్కోవడానికి 40 నుండి 60 సెకన్లు కావాలి. ప్రభువు నేర్పిన ప్రార్థన నిదానంగా చెప్పుకోవడానికి ఆ సమయం చాలు. మా నర్సులు కొందరు అలాగే చేస్తారు.

చివరగా ఉపవాసం మాట. శ్రమల దినాలలో ఒక పెద్దావిడను స్పృహ లేకుండా తీసుకొచ్చారు. ఉదయం షుగరు మాత్ర వేసుకున్నారు, సాయంత్రం వరకు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి వాడేవారు భోజనం మానితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దీని గుర్తులు. 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తేవాలి. ఉపవాసం పేరుతో షుగరు, బి.పి., క్షయ, మూర్ఛ మందులు సొంతంగా మానకండి. గర్భిణీ స్త్రీలు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి.

గ్లూకోజు ఎక్కించాక ఆమె కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "నా ఉపవాసం చెడిపోయిందా అయ్యగారూ?"

"ఏలీయాకు దేవదూతే రొట్టె పెట్టాడు కదమ్మా" అన్నారు చాప్లిన్ గారు.

మరుసటి సంవత్సరం ఆమె భస్మ బుధవారానికి వారం ముందే వచ్చారు. భోజనం మానడానికి వీల్లేదన్నారు డాక్టరుగారు. ఆమె కాసేపు ఆలోచించి, సాయంత్రం సీరియలు మానేసి ఆ అరగంట పక్కింటి మంచంపట్టిన ముసలమ్మ దగ్గర కూర్చుని సువార్త చదివి వినిపిస్తానన్నారు. పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పెట్టారు. ఈస్టరు తర్వాత సోమవారం ఆ బియ్యం సంచి మనవడి చేత మోయించుకొచ్చి, వార్డులో రోగులకు తోడుగా ఉన్నవారికి వండి పెట్టమని ఇచ్చి వెళ్ళారు.