ముందు ఎవరి బండికి పెట్రోలు?

ఇంట్లో పాలు తక్కువైన రోజున ముందు ఎవరికి పొయ్యాలో తేల్చడానికి మన ఇళ్ళలో ఏ సభా, ఏ తీర్మానమూ అక్కరలేదు. ముందు చంటిపిల్లకు, తరువాత మంచాన పడి ఉన్న తాతగారికి. ఇంటి యజమాని ఎంత సంపాదించేవాడైనా సరే, ఆ పూట ఆయన కాఫీ నల్లగానే ఉంటుంది. ఆయన మూతి ముడిస్తే ముడవవచ్చు గాని, అన్యాయం జరిగిందని మాత్రం ఎవరూ అనరు.

గడప దాటి వీధిలోకి వచ్చి, పాలకు బదులు పెట్రోలు అనుకోండి. అంత సులువుగా తేలిన సంగతి వెంటనే చిక్కుముడి పడుతుంది. బంకు ముందు బండ్లు బారులు తీరి ఉన్నవి. సినిమాకు పోయే కుర్రవాడు ముందున్నాడు, డాక్టరుగారు వెనుక ఉన్నారు. డాక్టరుగారిని ముందుకు పిలవవచ్చునా? పిలిస్తే, మధ్యలో ఉన్న ఆటో అతను "మరి నా పిల్లలు అన్నం తినవద్దా?" అని అడిగితే ఏం జవాబు చెప్పాలి?

ఇది ఊసుపోక వేసిన ప్రశ్న కాదు. మూడు దేశాలు మూడు సమయాలలో దీన్ని ఎదుర్కొన్నవి. ఒక దేశం "అక్కరలేదు" అన్నది. ఒక దేశం "సరే" అని పెద్దవాళ్ళ చేతికి అప్పగించింది. ఒక దేశం కాగితం మీద చక్కగా వ్రాసి, అమలులో తడబడి, చివరకు మరొక దారి పట్టింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాము.

మొదటిది ఇంగ్లండు, 2021వ సంవత్సరం. అప్పుడు ఆ దేశంలో చమురుకు కరువు రాలేదు. శుద్ధి కర్మాగారాలలో కావలసినంత ఉన్నది. దాన్ని బంకులకు చేరవేసే టాంకరు లారీలకే మనుషులు చాలలేదు. కరోనా కాలంలో లారీ డ్రైవర్లకు పెట్టే పరీక్షలు ఆగిపోయినవి. ఐరోపా సమాఖ్య నుండి బ్రిటన్ విడిపోయిన తరువాత, అక్కడి నుండి వచ్చి పనిచేస్తున్న డ్రైవర్లు అనేకులు తిరిగి వెళ్ళిపోయారు. వయసు మళ్ళినవారు పని మానుకున్నారు. దేశం మొత్తం మీద లక్షమంది దాకా లారీ డ్రైవర్లు తక్కువగా ఉన్నారని అక్కడి లారీ యజమానుల సంఘం లెక్క కట్టింది. సెప్టెంబరు 23న బి.పి. కంపెనీ, డ్రైవర్ల కొరత వల్ల కొద్ది బంకులను తాత్కాలికంగా మూయవలసి వస్తున్నదని చెప్పింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. మర్నాటికల్లా అవసరమున్నవారూ లేనివారూ బంకుల ముందు చేరారు. సగం టాంకీ ఉన్నవారు నిండా పోయించుకున్నారు. రెండు మూడు రోజులలో చాలా బంకులలో నిజంగానే పెట్రోలు అయిపోయింది. లేని కరువు భయం చేత వచ్చి కూర్చున్నది.

అప్పుడు బ్రిటిష్ వైద్యుల సంఘం, నర్సుల సంఘం, ఉద్యోగుల సంఘమైన యూనిసన్, లండన్ మేయరు సాదిక్ ఖాన్ అందరూ ఒకే మాట అడిగారు: ఆసుపత్రుల వారికి, వృద్ధులకు ఇంటి దగ్గర సేవ చేసేవారికి, ఇతర అత్యవసర ఉద్యోగులకు పెట్రోలు ముందుగా ఇవ్వండి అని. ప్రభుత్వం ఒప్పుకోలేదు. జనం మామూలుగా కొనుక్కుంటే క్యూలు వాటంతట అవే తగ్గుతాయన్నది. అక్టోబరు 4 నుండి సైనికుల చేత టాంకర్లు నడిపించింది. క్యూలు తగ్గిన మాట నిజమే. కాని తగ్గేదాకా ఏం జరిగింది?

మా అక్కగారి అమ్మాయి ఆ దేశంలో నర్సు. ఆసుపత్రిలో కాదు, ఇంటింటికీ తిరిగే నర్సు. మంచం దిగలేనివారి పుళ్ళకు కట్లు కట్టడం, తమంతట తాము పొడుచుకోలేనివారికి ఇన్సులిన్ ఇవ్వడం ఆమె పని. తిరిగేవన్నీ పల్లెటూళ్ళు. బస్సు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ వారంలో ఒక రాత్రి ఫోను చేసి, "మామయ్యా, పెట్రోలు ముల్లు ఎర్రగీత మీద ఉన్నది. పొద్దున్నే ఒక ముసలమ్మకు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆవిడ ఇల్లు ఇక్కడికి పన్నెండు మైళ్ళు," అన్నది.

తెల్లవారకముందే లేచి మూడు బంకులు తిరిగిందట. రెండింటిలో పెట్రోలు లేదు. మూడోదాని ముందు పెద్ద క్యూ. కారు దిగి, ముందున్నవారికి గుర్తింపు కార్డు చూపించి, దారి ఇమ్మని అడిగింది. ఇద్దరు వెంటనే ఇచ్చారు. మూడో ఆయన అద్దం దించి, "నేనూ ఉద్యోగానికే పోతున్నానమ్మా," అని మళ్ళీ అద్దం ఎత్తేశాడు.

ముసలమ్మకు కాస్త ఆలస్యంగానైనా మందు అందింది. మా అమ్మాయికి మాత్రం మనసులో ఒకటి మిగిలిపోయింది. "పెట్రోలు దొరకకపోవడం కాదు మామయ్యా, అడగడమే కష్టమనిపించింది. చెయ్యి చాపి నిలబడినట్టున్నది," అన్నది.

అద్దం ఎత్తుకున్న ఆ పెద్దమనిషిని నేను తప్పు పట్టను. ఒకరికి దారి ఇస్తే వెనుక ఇంకా ఎందరు కార్డులు పట్టుకుని వస్తారో ఆయనకేం తెలుసు? ఆయన కోసం ఎవరు ఎదురు చూస్తున్నారో మనకేం తెలుసు? ఇది క్యూలో నిలబడ్డ ఇద్దరు తేల్చుకోవలసిన సంగతి కాదు. ప్రభుత్వం నియమం చెయ్యకపోతే, నియమం చెయ్యవలసిన భారమంతా తెల్లవారుజామున ఒంటరిగా నిలబడ్డ ఒక నర్సు మీద పడుతుంది.

ఇంగ్లండుకు ఈ దారి తెలియనిదేమీ కాదు. 2000 సెప్టెంబరులో పెట్రోలు పన్ను మీద ఆగ్రహించి, రైతులూ లారీల వారూ శుద్ధి కర్మాగారాల ముందు అడ్డం కూర్చున్నారు. వారం తిరగకుండానే దేశం స్తంభించింది. అప్పుడు ప్రభుత్వం అత్యవసరాధికారాలు చేతికి తీసుకుని, కొన్ని బంకులను అత్యవసర ఉద్యోగుల కోసమే కేటాయించింది. తెలిసిన దారే 2021లో తొక్కలేదు.

అయితే ప్రాధాన్యం అనే మాట పలికినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందా? జరగదు. అందుకు సాక్ష్యం రెండో దేశం అమెరికా.

రెండో ప్రపంచ యుద్ధంలో మలయా, డచ్చి ఈస్టిండీస్ జపాను వశమైపోగా అమెరికాకు రబ్బరు కరువైంది. టైర్లు అరగకుండా కాపాడాలంటే జనం కార్లు తిప్పడం తగ్గించాలి. 1942 మే నెలలో తూర్పు ప్రాంతపు 17 రాష్ట్రాలలో పెట్రోలుకు రేషను పెట్టారు. టైర్ల పొదుపు కోసం ఆ డిసెంబరులో దాన్ని దేశమంతటికీ వర్తింపజేశారు. కారు అద్దానికి ఒక అక్షరం అంటించేవారు. 'ఏ' అక్షరం వారిది సామాన్యుల వంతు. దేశమంతటా రేషను వచ్చినప్పుడు వారికి దక్కినది వారానికి 4 గాలన్లు, అంటే సుమారు 15 లీటర్లు. ఉద్యోగావసరం ఉన్నవారికి 'బి'. తూర్పు రాష్ట్రాలలో మొదట పెట్టిన పద్ధతిలో 'ఎక్స్' అని మరొక అక్షరం ఉండేది. అది ఉన్నవారికి పరిమితి లేదు. డాక్టర్ల వంటివారి కోసం ఉద్దేశించిన అక్షరం అది.

తీరా చూస్తే ఏమైంది? అమెరికా శాసనసభ్యులు 200 మందికి పైగా 'ఎక్స్' కార్డులు పుచ్చుకున్నారని బయటపడింది. దేశమంతా భగ్గుమన్నది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అన్న సామెత మన దేశానికే పరిమితం కాదన్నమాట! వడ్డించేవాడే పంక్తిలో కూర్చుంటే ఇక చెప్పేదేమున్నది? పెట్రోలు పొదుపు చెయ్యమని ప్రజలకు చెప్పవలసినవారే పరిమితి లేని కార్డు తీసుకుంటే, కొద్ది గాలన్లతో సరిపెట్టుకునే సామాన్యుడికి రేషను మీద గౌరవం ఎలా నిలుస్తుంది?

మూడోది మన పొరుగునే ఉన్న శ్రీలంక. 2022లో ఆ దేశపు ఖజానాలో విదేశీ ద్రవ్యం అడుగంటింది. చమురు ఓడకు డబ్బు కట్టే శక్తి లేకపోయింది. బంకుల ముందు రోజుల తరబడి క్యూలు, ఆ క్యూలలోనే ప్రాణం విడిచిన వృద్ధులు. జూన్ 28 నుండి జూలై 10 వరకు అత్యవసర సేవలకు తప్ప ఎవరికీ పెట్రోలు, డీజిలు అమ్మరాదని ప్రభుత్వం ఉత్తరువు చేసింది. వైద్యం, రేవులు, ఆహార పదార్థాల రవాణా, వ్యవసాయం వంటివి జాబితాలో ఉన్నవి. చూడడానికి ఎంతో సబబైన జాబితా. కాని ఆ రోజులలోనే డాక్టర్లు, నర్సులు వీధులకెక్కి, మాకు పెట్రోలు అందడం లేదు, ఆసుపత్రికి ఎలా పోవాలని అడిగారు. జాబితాలో పేరున్నంత మాత్రాన టాంకీలో పెట్రోలు పడదు. మరొక వంక, జాబితాలో లేని ఆటో డ్రైవరుకు బతుకుతెరువే నిలిచిపోయింది.

అక్కడ తుదకు ఊరట కలిగించినది మరొక ఏర్పాటు. జూలైలో ప్రతి బండికీ ఒక క్యూఆర్ కోడు ఇచ్చి, వారానికి ఇంత అని కొలత పెట్టారు. మొదట్లో మోటారు సైకిలుకు 4 లీటర్లు, ఆటోకు 5, కారుకు 20. కొంచెమైనా, తనకు రావలసినది తప్పక వస్తుందన్న నమ్మకం కుదిరేసరికి క్యూలు తగ్గినవి. ఆ పద్ధతి 2023 సెప్టెంబరు దాకా నడిచింది.

ఈ మూడు కథల వల్ల నాకు తోచినది ఇది. కొందరు పనివారికి ముందుగా ఇంధనం ఇవ్వవలసిందే. కాని దానికి నాలుగు కట్టుబాట్లు ఉండాలి.

మొదటిది, హోదాను చూడరాదు, పనిని చూడాలి. "ఈ మనిషి ఈరోజు చేరకపోతే మరొకరి ప్రాణం మీదికి వస్తుందా?" అన్నదే పరీక్ష. ఈ పరీక్షకు డాక్టరు నిలుస్తాడు, అంబులెన్సు నిలుస్తుంది, మంటలార్పేవారు నిలుస్తారు. వారితోపాటు, మనం సాధారణంగా మరచిపోయే ఆయా, ఆసుపత్రి ఊడ్చే మనిషి, ఊరికి మంచినీళ్ళు వదిలే పంపు ఆపరేటరు, చివరికి ఆ పెట్రోలు తెచ్చే టాంకరు డ్రైవరు కూడా నిలుస్తారు. శాసనసభ్యుడు నిలవడు. నేనూ నిలవను. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాడిని. నన్నయగారి ప్రసన్న కథాకలితార్థ యుక్తి ఒక వారం ఆలస్యంగా అర్థమైతే ఏ విద్యార్థికీ ప్రాణాపాయం లేదు. కొందరికి సంతోషం కూడాను!

రెండోది, పెట్రోలు పనికే గాని మనిషికి కాదు. డాక్టరుగారు ఆసుపత్రికి పోవడానికి ఇవ్వాలి. ఆదివారం తీర్థయాత్రకు ఆయన కూడా అందరి క్యూలోనే నిలబడాలి. ఆసుపత్రికి బస్సులో పోగలిగినవారికి ప్రాధాన్యం అక్కరలేదు. గ్యాసు ఉన్న ఇంటికి కిరసనాయిలు తగ్గించి, లేని ఇంటికి ఎక్కువ ఇచ్చిన రేషను పద్ధతి మనం ఎరగనిదా?

మూడోది, ఏ బంకులో, ఏ వేళలో వీరికి పోస్తారో ముందే ప్రకటించాలి. అందరూ నిలబడ్డ క్యూలో ఒకరిని ముందుకు పిలిస్తే తగువు. వేరే బంకు చూపిస్తే తగువు లేదు, కార్డు చూపించి బతిమాలుకోవలసిన పనీ లేదు.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం. ముందువారికి తీసి ఉంచిన తరువాత మిగిలినది మిగిలిన అందరికీ కొలత ప్రకారం రావాలి. ఆటో అతని ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. "నీకంటె నర్సు ముందు" అని అతనికి చెప్పవచ్చు. అతడు ఒప్పుకుంటాడు, అతని ఇంట్లోనూ జబ్బుపడేవారుంటారు. కాని "నీకు అసలు లేదు" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. పైగా బండే జీవనాధారమైనవాడి కొలత, షికారుకు బండి తీసేవాడి కొలత కంటె కాస్త పెద్దదిగా ఉండడమూ న్యాయమే.

దొంగ కార్డులు పుట్టుకొస్తాయి కదా అంటారా? వస్తాయి. రేషను కార్డులలోనూ దొంగవి వచ్చినవి, అంతమాత్రాన బియ్యం పంచడం మానలేదు. ఎవరు డ్యూటీలో ఉన్నారో ఆసుపత్రికి తెలుసు, మునిసిపాలిటీకి తెలుసు. ఆ పట్టీ అక్కడినుండే రావాలి, వచ్చిన పట్టీని అందరూ చదివేటట్టు గోడకు అంటించాలి. పదిమంది కళ్ళబడిన పట్టీలో దొంగపేరు దూరడం కష్టం.

ఇవన్నీ కొరత వచ్చిన రోజున కూర్చుని వ్రాసే పనులు కావు. ఆ రోజున ఎవరికి వారు తమ పేరే ముందు వ్రాసుకుంటారు. బంకులలో పెట్రోలు నిండుగా ఉన్నప్పుడే, ఎవరి మీదా కోపం లేనప్పుడే, జిల్లా జిల్లాకూ ఆ పట్టీ తయారు చేసి ఉంచుకోవాలి. ఆ పని జరిగి ఉంటే, పన్నెండు మైళ్ళ అవతల ముసలమ్మ ఇన్సులిన్ కోసం కాచుకుని ఉన్నప్పుడు, ఏ నర్సూ బంకు ముందు కారు దిగి ఒక్కొక్క అద్దమూ తట్టవలసిన అగత్యం ఉండదు.