దోరగా వేయిస్తే కాఫీ గుట్టు బయటపడుతుంది

వరి రైతు తన బియ్యం వండుకుని తింటాడు. మామిడి రైతు కాయ కోసి రుచి చూస్తాడు. మరి కాఫీ రైతో? ఎండిన గింజలు బస్తాకెత్తి అమ్మేస్తే వాటి రుచి అతనికి తెలిసేదెలా? కొనేవాడు మాత్రం రుచి చూశాకే ధర చెబుతాడు. ఆ రుచి ఇంట్లోనే చూసుకోవచ్చు.

విశాఖ ఏజెన్సీలో పండే అరబికాకు పేరు వచ్చింది. పారిస్‌లో 2017లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న ఈ కొండల ఎత్తు, చలి, చెట్ల నీడ వల్ల పండు నిదానంగా పండి గింజ గట్టిపడుతుంది. అయితే పేరు ఊరిదైనా ధర బస్తాలోని గింజకే.

దోర వేపు ఎందుకు?

మనం తాగే ఫిల్టరు కాఫీకి గింజల్ని బాగా నల్లగా వేయిస్తారు. పైగా చికోరీ, పాలు, చక్కెర కలుస్తాయి. గింజలో లోపమున్నా వేపుడు చేదు కప్పేస్తుంది. దోరగా వేయిస్తే పండులోని పులుపు, తీపి, పరిమళం నిలుస్తాయి. తప్పు కూడా దాగదు. అందుకే మేలురకం కొనేవారు దోరగా వేయించి రుచి చూస్తారు.

వేయించే పద్ధతి

బాగా ఎండిన పార్చ్‌మెంటును రోట్లో మెల్లగా దంచి, పొట్టు చెరిగి, 100 గ్రాముల గింజలు తీసుకోండి. పొగ వస్తుంది కాబట్టి ఆరుబయట పొయ్యి పెట్టుకోండి. మందపాటి ఇనప మూకుడులో మధ్యరకం మంటపై ఆపకుండా కలుపుతూ ఉండాలి. గింజ ముందు పసుపు రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. సుమారు 10 నిమిషాలకు చిటపట పేలుతుంది. అప్పటికి గింజ వేడి 200 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. పేలుడు జోరందుకున్నాక ఒక నిమిషం ఆగి దింపేయండి. వెంటనే చేటలో పోసి విసరాలి. లేకుంటే లోపలి వేడికి ఇంకా వేగిపోతుంది. గింజపై నూనె మెరుపు కనిపిస్తే వేపుడు ఎక్కువైందని అర్థం.

రుచి చూడటం

గింజల్ని ఒక రోజు ఆరనిచ్చి బొంబాయి రవ్వలా విసరండి. గాజు గ్లాసులో 10 గ్రాముల పొడి వేసి 170 మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యండి. కొండమీద నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి చల్లార్చకుండా మరిగిన వెంటనే పొయ్యాలి. 4 నిమిషాలయ్యాక పైన తేలిన తెట్టు తీసేసి గోరువెచ్చగా తాగండి. పాలు, చక్కెర వద్దు. చల్లారేకొద్దీ లోపం బాగా తెలుస్తుంది.

- నారింజ తొనలాంటి పులుపు, వెనక బెల్లం తీపి: మంచి గింజ. ఈ పులుపు తప్పు కాదు.
- పచ్చిగడ్డి వాసన, వగరు: పచ్చికాయలు కలిశాయి. గింజ లోపల వేగకపోయినా ఇలాగే ఉంటుంది. ఒకటి కొరికి చూడండి, పటుక్కున విరగాలి.
- పులిసిన కల్లు వాసన: పండ్లు కోశాక సంచిలో నిల్వ ఉన్నాయి, లేదా పులియబెట్టడం ఎక్కువైంది.
- మట్టి, బూజు వాసన: నేలమీద ఎండబెట్టారు, లేదా తడి ఆరకముందే బస్తాకెత్తారు.

దిద్దుబాటు పొలంలోనే

తప్పు తెలిశాక దాన్ని వేపుడుతో సరిచేయలేం. ఎర్రగా పండిన పండ్లనే విడతలుగా ఏరి కోయండి. కోసిన రోజే గుజ్జు తీయించండి. పండ్లనే అమ్మేవారు ఆ రోజే చేరవేయాలి. జిగురు వదిలేదాకా, అంటే వాతావరణాన్ని బట్టి 24 నుంచి 36 గంటలు పులియబెట్టి శుభ్రంగా కడగాలి. నేలకు ఎత్తుగా కట్టిన వల మీద గాని, టార్పాలిన్ మీద గాని పలచగా పరిచి తిరగేస్తూ, తేమ 10 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టాలి. రాత్రిపూట మంచు పడకుండా కప్పాలి.

ఏరికోతకు కూలి ఎక్కువవుతుంది. పండుకు, కలగలుపు కాయకు ఒకే ధర ఇచ్చేచోట ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది. కాబట్టి నాణ్యతకు వేరే ధర ఉందా అని నవంబరులో కోత మొదలు కాకముందే అడగండి. ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల్ని విచారించండి.

తాగడానికైతే

దోర గింజ గట్టిగా ఉంటుంది, సారం తొందరగా దిగదు. అందుకని పొడి సన్న రవ్వలా ఉండాలి. 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి, కలిపి, 4 నిమిషాలు మూతపెట్టి గుడ్డలో వడకట్టండి. పలచగా టీ రంగులో వస్తుంది. చిక్కని కాఫీకి అలవాటుపడ్డ నోటికి మొదట రుచించకపోవచ్చు. రెండు మూడుసార్లు తాగి చూడండి. మీ గింజ రుచి మీకు తెలిస్తే, బేరంలో అవతలివాడు 'సరుకు బాగోలేద'న్నప్పుడు నిజమో కాదో మీరే చెప్పగలరు.