మీకు తెలుసా? వెంట్రుకవాసి విద్య

పెడనలో టేకుచెక్కపై కలంకారీ అచ్చులు చెక్కు శిల్పి, ఉలిని చిన్న సుత్తితో మెల్లగా తట్టుచు, రంగు రంగుకు వేరుగా చెక్కిన అచ్చులు బట్టపై వెంట్రుకవాసియైనను తొలగక ఒకదానిలో నొకటి యొదుగునట్లు చూచుకొనును. ఆ జాగరూకతయే యినుముపై ప్రయోగింపబడినచో తుపాకి పనివాని విద్య యగునని మీరెఱుగుదురా?

గొట్టమునకు నిడుపైన రంధ్రము తొలుచుట ఆ విద్యలో కఠినమైన ఘట్టము. మనమెఱిగిన వడ్రంగి పనిలో బర్మా తిరుగును. ఇచ్చట తఱచుగా గొట్టమే తిరుగుచుండగా, బర్మా నిలిచియుండి, దాని గర్భమున ప్రవహించు నూనె రజనును వెలికి త్రోయుచుండును. పిమ్మట రీమరుతో రంధ్రమును నునుపు చేసి, లోగోడపై మెలి తిరిగిన గాడులు కోయుదురు. గుండు ఆ గాడులను పట్టుకొని బొంగరమువలె తిరుగుచు పోవుటచేతనే దారి తప్పదు.

పెడన పొరుగుననే యున్న బందరులో 1926లో స్థాపితమైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వీకరించినది. చీకటిలో చూపునిచ్చు సాధనములు, ఆయుధముల గురికి వలయు దర్శినులు ఆ కర్మాగారపు ప్రసిద్ధ వస్తువులు. కటకమును సానపట్టినవానిని పొగడి, దాని లోహపు తొడుగును లేతుపై తిప్పినవానిని మఱచుట న్యాయము కాదు. ఏలయన ఆ తొడుగు డిగ్రీలో అఱువదవ వంతు ఒరిగినను, 100 మీటర్ల దూరమున గురి సుమారు 3 సెంటీమీటర్లు తప్పును.