1069: తెర వెనక లాగిన్ గోల

సెకండ్ రివ్యూ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి మా టీమ్ లాప్‌టాప్ ఆన్ చేశాం. ఆరు వారాలుగా ఒక్క పూట కూడా మొరాయించని జెంకిన్స్ ఆ పూట లేవలేదు. బ్రౌజర్‌లో 8080 పోర్టు కొడితే పేజీ రాలేదు. సర్వీసెస్ విండో తెరిచి, జెంకిన్స్ మీద రైట్ క్లిక్ చేసి స్టార్ట్ నొక్కితే చిన్న పెట్టె ఒకటి వచ్చింది: ఎర్రర్ 1069, లాగిన్ కుదరనందువల్ల సర్వీసు మొదలు కాలేదు.

"పాస్‌వర్డ్ ఏమైనా మార్చావా?"

"నేనెందుకు మారుస్తాన్రా, అసలు ఆ అకౌంట్ పేరే మర్చిపోయా."

నిజంగానే ఎవరూ మార్చలేదు. రాత్రి వచ్చిన అప్‌డేట్‌ని తిట్టుకున్నాం. పాపం దానికేం సంబంధం లేదని సాయంత్రానికి గానీ తెలియలేదు. పదిన్నరకి రివ్యూ. ఆ రెండు గంటల్లో మేం చేసిన పనులు వేరు, చెయ్యాల్సిన పనులు వేరు. డెవాప్స్ ల్యాబ్‌లో జూనియర్లు ఇప్పుడు సరిగ్గా అదే గుంటలో పడుతున్నారు కాబట్టి ఇది రాస్తున్నా.

ముందు అసలు సంగతి. లాప్‌టాప్ ముందు కూర్చుని లాగిన్ అయ్యేది మనం. మరి వెనకాల నడిచే ప్రోగ్రామ్‌కి లాగిన్ ఎందుకు? విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఎవరో ఒకరి పేరు మీదే నడవాలి. ఏ ఫోల్డర్ తెరవొచ్చు, ఎందులో రాయొచ్చు అన్నది ఆ పేరును బట్టే తేలుతుంది. మనం డబుల్ క్లిక్ చేసి తెరిచినవి మన పేరు మీద నడుస్తాయి. సర్వీసులు అలా కాదు. మనం ఇంకా లాక్ స్క్రీన్ దగ్గర ఉండగానే సర్వీస్ కంట్రోల్ మేనేజర్ వాటిని లేపేస్తుంది. విస్టా కాలం నుంచీ అవన్నీ సెషన్ సున్నా అనే వేరే గదిలో ఉంటాయి. ఆ గదిలోంచి మన స్క్రీన్ మీదకి ఏ పెట్టే తెరుచుకోదు. అంటే, సర్వీసు పాస్‌వర్డ్ అడగాలన్నా అక్కడ మనిషి లేడు. అందుకని సర్వీసుని పెట్టిన రోజే దాని అకౌంట్ పేరూ పాస్‌వర్డూ తీసుకుని, రిజిస్ట్రీలో ఒక మూల ఎన్‌క్రిప్ట్ చేసి దాచిపెడతారు. మొదలైన ప్రతిసారీ ఆ దాచిన కాపీతోనే లాగిన్ అవుతుంది.

గొడవంతా ఆ కాపీ దగ్గరే. అసలు పాస్‌వర్డ్ మారితే కాపీకి కబురు వెళ్లదు. ఇంటి తాళం మార్చి, రోజూ తెల్లారుజామున పాలు లోపల పెట్టి వెళ్లే పాలబ్బాయికి చెప్పకపోతే ఎలాగుంటుందో ఇదీ అంతే. ఇంకో తమాషా ఏంటంటే, సర్వీసు అప్పటికే నడుస్తుంటే పాస్‌వర్డ్ మారినా ఆగదు. మళ్లీ మొదలవ్వాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది. సోమవారం చేసిన పనికి గురువారం ఎర్రర్ వస్తుంది. మనమేమో గురువారం ఏం కెలికామా అని వెతుక్కుంటూ కూర్చుంటాం.

1069 పెట్టె లాగిన్ కాలేదని చెబుతుంది తప్ప ఎందుకు కాలేదో చెప్పదు. దాన్నే పదిసార్లు చదవడం మా మొదటి తప్పు. కారణం వేరే చోట రాసి ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లండి. సోర్స్ గడిలో సర్వీస్ కంట్రోల్ మేనేజర్ అని ఉన్న ఎర్ర గుర్తు వరసలు చూడండి. 7000 నంబరుది ఉత్త మొర, అందులో మనకి పనికొచ్చేది తక్కువ. దాని పక్కనే 7038 గానీ 7041 గానీ ఉంటుంది. 7041 అయితే పాస్‌వర్డ్ తప్పు కాదు, ఆ అకౌంట్‌కి సర్వీసుగా లాగిన్ అయ్యే హక్కు లేదని. 7038 అయితే దాచిన పాస్‌వర్డ్‌తో లాగిన్ కుదరలేదని, ఎందుకు కుదరలేదో కూడా ఆ వాక్యం చివర ఉంటుంది. ఆ చివరి ముక్క దాకా చదవాలి. మేం చదవలేదు. (1069 బదులు 1053 వస్తే అది లాగిన్ గొడవే కాదు, సర్వీసు టైముకి జవాబివ్వలేదని. 1068 అయితే అది ఆధారపడ్డ ఇంకో సర్వీసు లేవలేదని. ఆ దారులు వేరు.)

7038కి మామూలుగా కనబడే కారణం పిన్. మనలో చాలామందికి సొంత విండోస్ పాస్‌వర్డ్ ఏంటో గుర్తుండదు. వేలిముద్రో, నాలుగంకెల పిన్నో పెట్టి లోపలికి పోతాం. ఆ పిన్ మనిషి స్క్రీన్ ముందు ఉన్నప్పటి సదుపాయం మాత్రమే, సర్వీసు పెట్టెలో కొడితే పనిచెయ్యదు. మెయిల్ ఐడీతో లాగిన్ అయ్యే అకౌంట్ అయితే ఆ మెయిల్ అకౌంట్ పాస్‌వర్డే ఇవ్వాలి. యూజర్ పేరు దగ్గరా ఇదే చిక్కు. స్టార్ట్ మెనూలో కనబడే మన ముద్దుపేరు అసలు పేరు కాకపోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో "నేనెవరు" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మూడు మాటలనీ ఖాళీ లేకుండా కలిపి కొడితే మెషీన్ పేరూ దాని పక్కన మన అసలు పేరూ చూపిస్తుంది. మెయిల్ ఐడీతో మొదలెట్టిన లాప్‌టాప్‌లలో అది చాలాసార్లు మెయిల్‌లోని మొదటి ఐదక్షరాలే. ఆ పేరుకి ముందు చుక్కా బ్యాక్‌స్లాషూ పెట్టాలి. చుక్క అంటే "ఈ మెషీన్‌లోనిదే" అని. ఇక పాస్‌వర్డే పెట్టుకోని మహానుభావులుంటారు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్‌ని విండోస్ కీబోర్డు ముందు తప్ప ఇంకెక్కడా ఒప్పుకోదు.

7041 వస్తే హక్కు ఇవ్వాలి. లోకల్ సెక్యూరిటీ పాలసీలో, యూజర్ రైట్స్ అసైన్‌మెంట్ కింద, "లాగ్ ఆన్ యాజ్ ఎ సర్వీస్" అన్న వరసలో అకౌంట్ పేరు చేర్చడమే. యూట్యూబ్ వీడియోలన్నీ ఇక్కడికే తీసుకెళ్తాయి. కానీ మన లాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండేది హోమ్ ఎడిషన్. అందులో ఆ విండోయే ఉండదు. జెంకిన్స్ ఇన్‌స్టాలర్‌లో టెస్ట్ క్రెడెన్షియల్స్ నొక్కి నొక్కి వేళ్లు అరిగేది ఇక్కడే. దీనికో అడ్డదారి ఉంది, మోసమేం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోకల్ సిస్టమ్ ఎంచుకుని ముందుకెళ్లిపోండి. అయ్యాక సర్వీసెస్ విండోలో జెంకిన్స్ ప్రాపర్టీస్, లాగ్ ఆన్ ట్యాబ్‌లో అకౌంట్ మార్చండి. అక్కడ మారిస్తే ఆ హక్కు విండోసే ఇచ్చేస్తుంది, ఇచ్చానని ఒక పెట్టె కూడా చూపిస్తుంది. అదే పని కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌సీ కమాండ్‌తో చేస్తే మాత్రం పేరు మారుతుంది, హక్కు రాదు.

మా కథకొస్తాను. తొమ్మిదింపావుకి ఎవరో "లోకల్ సిస్టమ్‌కి మార్చెయ్, అయిపోతుంది" అన్నారు. మార్చాం. జెంకిన్స్ లేచింది. కేకలు పెట్టి, టీ తాగొచ్చి, బిల్డ్ నొక్కాం. కోడ్ తెచ్చుకునే మొదటి అడుగులోనే ఫెయిలైంది: హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్.

ఇప్పుడాలోచిస్తే తప్పు స్పష్టంగా కనబడుతుంది. మేం గిట్ కోసం పెట్టిన ఎస్‌ఎస్‌హెచ్ కీ, నమ్మిన సర్వర్ల జాబితా, రెండూ పాత అకౌంట్ ఇంట్లో ఉన్నాయి. లోకల్ సిస్టమ్‌కి వేరే ఇల్లుంది, సిస్టమ్32 లోపలెక్కడో. ఆ ఇంట్లో ఇవేవీ లేవు. అకౌంట్ మార్చడం అంటే పాస్‌వర్డ్ ఒక్కటే మార్చడం కాదు, మనిషినే మార్చడం. కొత్త మనిషికి పాతాయన బీరువా తాళాలు రావు. మన పేరు మీద మాత్రమే ఇన్‌స్టాల్ అయిన పైథాన్ కనబడకపోవడం, మనం మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ మాయమవడం, అన్నిటికీ ఇదే కారణం. డేటా ఫోల్డర్ మీద కొత్త పేరుకి అనుమతి లేకపోతే లాగిన్ అయ్యి కూడా మరుక్షణం పడిపోతుంది.

అసలు లోకల్ సిస్టమ్ అంటే ఏంటో కూడా చెప్పాలి. ఆ మెషీన్‌లో అంతకంటే పెద్ద పేరు దాదాపు లేదు. పాస్‌వర్డ్ అవసరం లేదు, ఎక్కడికైనా వెళ్తుంది. అందుకే ప్రతి ఎర్రర్‌కీ అదే మందుగా కనబడుతుంది. కానీ జెంకిన్స్ పనే గిట్ నుంచి వచ్చిన స్క్రిప్టులు నడపడం. నలుగురు టీమ్‌మేట్స్‌లో ఎవరు ఏ స్క్రిప్టు పుష్ చేసినా, ఎక్కడో కాపీ కొట్టిన లైన్‌తో సహా, రాజుగారి హోదాలో నడుస్తుంది. ఒక్క ల్యాబ్ సెషన్‌కి, మన సొంత లాప్‌టాప్‌లో, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. సెమిస్టర్ అంతా అలా వదిలేస్తే మాత్రం ఒప్పుకోను.

రివ్యూలో స్క్రీన్‌షాట్లు చూపించాం. మేడమ్ "లైవ్‌గా నడపండి" అన్నారు. నడవదని చెప్పాం. ఎందుకు నడవట్లేదు అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. మార్కులు పోయినదానికంటే అదే ఎక్కువ మండింది.

సాయంత్రం హాస్టల్‌లో పాత 7038 వరస చివరిదాకా చదివితే విషయం బయటపడింది. పాస్‌వర్డ్ గడువు తీరిపోయింది. ఫస్ట్ రివ్యూకి ముందు, జెంకిన్స్ కోసమని ఒక లోకల్ అకౌంట్‌ని కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజర్ అని కొట్టి సృష్టించాం. నెట్ అకౌంట్స్ అని కొడితే పాస్‌వర్డ్ గరిష్ఠ వయసు కనబడుతుంది. మనమేం ముట్టుకోకపోతే అది 42 రోజులు. ఏడారులు నలభైరెండు, కచ్చితంగా ఆరు వారాలు. మనిషైతే గడువు తీరినప్పుడు "కొత్తది పెట్టుకో" అని స్క్రీన్ అడుగుతుంది. సర్వీసుని అడిగే స్క్రీన్ లేదు కదా, నేరుగా తోసేస్తుంది. ప్రో ఎడిషన్‌లో యూజర్ల విండోలో అకౌంట్ చేసేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. "మొదటి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలి" అన్న గడిలో ముందే టిక్ ఉంటుంది. అది తియ్యకపోతే ఆరు వారాలు కూడా ఆగదు, మొదటిరోజే 1069.

పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి, సెట్-లోకల్‌యూజర్ కమాండ్‌తో ఆ అకౌంట్‌కి పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్ అని పెట్టాం. లాగ్ ఆన్ ట్యాబ్‌లో పాత పేరూ పాత పాస్‌వర్డే మళ్లీ ఇచ్చాం. లేచింది, బిల్డ్ అయింది. మొత్తం పని నాలుగు నిమిషాలు.

ఇప్పుడైతే ఆ అకౌంట్ కూడా చెయ్యను. విండోస్ 7 నుంచీ వర్చువల్ అకౌంట్ అని ఒకటుంది. లాగ్ ఆన్ ట్యాబ్‌లో ఎన్‌టీ సర్వీస్ అని (మధ్యలో ఖాళీ ఉండాలి), బ్యాక్‌స్లాష్, తర్వాత సర్వీసు పేరు ఇంగ్లిష్‌లో కొట్టి, రెండు పాస్‌వర్డ్ గడులూ ఖాళీగా వదిలేసి అప్లై నొక్కడమే. మనం గుర్తుపెట్టుకోవాల్సిన పాస్‌వర్డ్ లేదు కాబట్టి గడువూ లేదు, మర్చిపోవడమూ లేదు. సర్వీసుగా లాగిన్ అయ్యే హక్కు ముందే ఉంటుంది. ఒక్క పని మనం చెయ్యాలి: జెంకిన్స్ ఫోల్డర్ల సెక్యూరిటీ ట్యాబ్‌లో అదే పేరు చేర్చి రాసే అనుమతి ఇవ్వాలి. గిట్ కీలు అకౌంట్ ఇంట్లో కాకుండా జెంకిన్స్ సొంత క్రెడెన్షియల్స్ పేజీలో పెట్టుకుంటే, రేపు అకౌంట్ మారినా అవి ఎక్కడికీ పోవు. లైనక్స్ వాడేవాళ్లు ఇదంతా చదివి నవ్వుకుంటారు, వాళ్ల సర్వీసు అకౌంట్లకి మామూలుగా పాస్‌వర్డే ఉండదు.

ఇంకొక్క గందరగోళం తీర్చి ఆపేస్తా. డీబీఎంఎస్ ల్యాబ్ వాళ్లు "అన్నా, పోస్ట్‌గ్రెస్ సర్వీసు లాగిన్ అవ్వట్లేదు" అని వస్తారు. చూస్తే సర్వీసెస్ విండోలో అది రన్నింగ్ అనే ఉంటుంది. రన్నింగ్ అని ఉంటే సర్వీసు లాగిన్ అయినట్టే. వాళ్లకి వస్తున్నది పోస్ట్‌గ్రెస్ అనే యూజర్ పాస్‌వర్డ్ తప్పని. ఆ యూజర్ డేటాబేస్ లోపలి మనిషి, విండోస్‌కి ఆయనెవరో తెలియదు. 9.2 వెర్షన్‌కి ముందు విండోస్ ఇన్‌స్టాలర్ అదే పేరుతో విండోస్ అకౌంట్ కూడా చేసేది. ఇప్పుడు నెట్‌వర్క్ సర్వీస్ పేరు మీద నడుపుతోంది. పాత వీడియోలు చూసి విండోస్‌లో లేని అకౌంట్‌కి పాస్‌వర్డ్ మార్చాలని చూస్తే ఎక్కడ దొరుకుతుంది? అది డేటాబేస్ లోపలే మార్చాలి.

జెంకిన్స్ కోసం మాలాగే నెట్ యూజర్‌తో అకౌంట్ చేసినవాళ్లు ఇప్పుడే ప్రాంప్ట్ తెరిచి, నెట్ యూజర్ అని కొట్టి పక్కన ఆ అకౌంట్ పేరు ఇవ్వండి. పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్స్ అన్న వరసలో ఒక తేదీ కనబడుతుంది. అది మీ రివ్యూకి ముందో తర్వాతో చూసుకోండి.