తోటివారి తోడు: కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల సహాయక బృందాలు

కళాశాల ఎలా నడుస్తున్నదో బయటివారు వచ్చి చూసి పోవడం మన విద్యార్థులకు కొత్త సంగతి కాదు. బెంగళూరు కేంద్రంగా 1994లో న్యాక్ ఏర్పడిన తరువాత దేశంలో వేలాది కళాశాలలు పీర్ టీమ్‌ల రాకను చూశాయి. గోడలకు కొత్త రంగులు, ఫైళ్ళకు కొత్త అట్టలు, అధ్యాపకుల ముఖాల్లో ఆందోళన - ఈ దృశ్యం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పీర్ అంటే సాటివాడు, తోటివాడు. కాని ఆ తోటివాడి చేతిలో మార్కుల కాగితం ఉంటే ఎవరైనా తమ లోపాలు చెప్పుకుంటారా? దాచుకుంటారు. అదే తోటివారు మార్కులు వేసే పని వదిలి, సాయం చేయడానికే వస్తే పరిస్థితి ఎలా ఉంటుంది? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2014లో మొదలుపెట్టిన ఒక ఏర్పాటును పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

కమ్యూనిటీ కళాశాల - గుర్తింపు

అమెరికాలో కమ్యూనిటీ కళాశాల అంటే స్థానిక ప్రజల కోసం ఏర్పడిన రెండేళ్ళ కళాశాల. ఇంటర్మీడియట్ స్థాయి చదువు ముగించినవారు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారు, చేతిపని నేర్చుకోదలచినవారు, ఇంగ్లీషు నేర్చుకోవలసిన వలస కుటుంబాలవారు - అందరికీ అక్కడ చోటు ఉంటుంది. రెండేళ్ళు అక్కడ చదివి మూడో ఏడు విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. ఖర్చు తక్కువ కాబట్టి పేద, మధ్యతరగతి పిల్లలకు ఇదే రాజమార్గం. కాలిఫోర్నియాలో 1907 నాటి చట్టం దీనికి దారి తీసింది. 1910లో ఫ్రెస్నోలో మొదటి కళాశాల వెలసింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో 116 ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలలు, 20 లక్షలకు పైగా విద్యార్థులు ఉన్నారు.

ఈ కళాశాలలకు అక్రెడిటేషన్ అనే గుర్తింపు ప్రాణాధారం. అది పోతే విద్యార్థికి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సహాయం అందదు. అక్కడ చదివిన చదువును విశ్వవిద్యాలయాలు లెక్కలోకి తీసుకోవడం కష్టమవుతుంది. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలోని కాంప్టన్ కళాశాల 2006లో గుర్తింపు కోల్పోయి, పక్కనున్న ఎల్ కమీనో కళాశాల ఆధ్వర్యంలో ఒక కేంద్రంగా బతికింది. మళ్ళీ స్వతంత్రంగా గుర్తింపు పొందేసరికి 2017 వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగర కళాశాలకు 2012లో హెచ్చరిక వచ్చింది. 2013 జులైలో గుర్తింపు సంఘం రద్దు నిర్ణయం ప్రకటించింది. వ్యవహారం కోర్టుకు ఎక్కింది. చివరకు 2017 జనవరిలో గుర్తింపు ఖాయమైంది గాని, ఈ మధ్యకాలంలో విద్యార్థుల సంఖ్య బాగా పడిపోయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ కళాశాల మీద వచ్చిన ప్రధాన ఆక్షేపణలు పాఠాల గురించి కావు. పరిపాలన, ఆర్థిక నిర్వహణ, ప్రణాళికల గురించి. ఆఫీసు గదుల్లోని లోపాలకు తరగతి గదుల్లోని విద్యార్థులు మూల్యం చెల్లించారన్నమాట.

బృందం వచ్చే తీరు

ఈ నేపథ్యంలో రాష్ట్ర ప్రభుత్వం 2014-15 బడ్జెటులో 25 లక్షల డాలర్లు కేటాయించగా, కమ్యూనిటీ కళాశాలల ఛాన్సలర్ కార్యాలయం సంస్థల పనితీరును మెరుగుపరిచే ఒక భాగస్వామ్య పథకాన్ని ప్రారంభించింది. కాలేజ్ ఆఫ్ ది కాన్యన్స్ దీని నిర్వహణలో ముఖ్య పాత్ర వహించింది. పథకానికి గుండెకాయ తోటివారి బృందాలు. వేరే కళాశాలల అధ్యక్షులు, అధ్యాపకులు, ఆర్థికాధికారులు, విద్యార్థి సేవల నిర్వాహకులు, సమాచార పరిశోధకులు మొదలైనవారి నుంచి, అవసరాన్ని బట్టి కొందరిని ఏరి ఒక బృందంగా కూర్చుతారు.

మొదటి నియమం, పిలిస్తేనే రావడం. ఫలానా విషయంలో మాకు సాయం కావాలని కళాశాలే రాసుకోవాలి. ప్రవేశాల నిర్వహణ కావచ్చు, బడ్జెటును ప్రణాళికతో ముడిపెట్టడం కావచ్చు, అధ్యాపకులకూ యాజమాన్యానికీ మధ్య నిర్ణయాధికారాల పంపకం కావచ్చు. రెండో నియమం, బృందం కనీసం మూడుసార్లు రావడం. మొదటిసారి వచ్చి అన్ని వర్గాలవారి మాట వింటుంది. విన్న తరువాత, అక్కడ ఇప్పటికే బాగున్నవేమిటో, చేయదగినవేమిటో రాసిస్తుంది. రెండోసారి, కళాశాల తన ప్రణాళిక తాను రాసుకోవడానికి తోడ్పడుతుంది. కొన్ని నెలల తరువాత మూడోసారి వచ్చి, పని ఎంతవరకు సాగిందో, ఎక్కడ ఆగిందో కలిసి ఆలోచిస్తుంది. ప్రణాళిక తయారయ్యాక అమలు మొదలుపెట్టడానికి 2 లక్షల డాలర్ల వరకు గ్రాంటు కూడా ఉండేది. సలహాతో పాటు చేతిలో కొంత పెట్టుబడి ఉండడం వల్ల ప్రణాళిక బీరువాలో పడి ఉండే ప్రమాదం తగ్గుతుంది.

మాటలో మార్పు

భాషాశాస్త్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే అంశం ఇక్కడే ఉంది. గుర్తింపు సంఘం తన నివేదికలో 'సిఫారసు' అంటే, పేరుకు సిఫారసే గాని, ఆచరణలో అది ఆజ్ఞ. గడువులోగా నెరవేర్చకపోతే శిక్ష. ఈ సహాయక బృందాలు ఆ మాటను పక్కన పెట్టాయి. తాము రాసిచ్చే కాగితానికి హోటల్లో వంటకాల జాబితాకు వాడే 'మెనూ' అన్న మాటనే వాడుకున్నాయి. కావలసింది ఎంచుకోండి, వద్దన్నది వదిలేయండి అని దాని భావం. ఒక మాట బలం నిఘంటువులోని అర్థంలో ఉండదు. దాన్ని పలికేవాడికి వినేవాడి మీద ఉన్న అధికారంలో ఉంటుంది. బృందానికి శిక్షించే అధికారం లేకపోవడమే దాని మాటకు విలువ తెచ్చింది. ఎదుటివారు నిజం చెప్పడానికి జంకనవసరం లేకపోయింది.

దీనికి పరిమితులు లేకపోలేదు. తన జబ్బు తెలియని కళాశాల వైద్యుణ్ణి పిలవదు. అధ్యక్షుడు మారితే ప్రణాళిక మూలపడవచ్చు. బృంద సభ్యులకు సొంత ఉద్యోగాలు ఉంటాయి. మూడు రాకపోకల్లో ఏళ్ళనాటి కలహాలు తీరవు. అందుచేత ఇది గుర్తింపు తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు. తనిఖీ ఉండవలసిందే. తనిఖీ చేసేవారూ సాయం చేసేవారూ వేరువేరుగా ఉండాలన్నదే దీని పాఠం.

మన సంగతి

మన దేశంలో యు.జి.సి. 2019లో 'పరామర్శ్' పథకం ప్రారంభించింది. మంచి గుర్తింపు ఉన్న సంస్థలు, న్యాక్ గుర్తింపు కోరే సంస్థలకు మార్గం చూపాలని దాని ఉద్దేశం. ఇది మంచి ప్రయత్నమే. అయితే అందులో పెద్ద కళాశాల చిన్న కళాశాలకు నేర్పుతుంది, గమ్యం గ్రేడు. కాలిఫోర్నియా పద్ధతిలో ఇవాళ సాయం పొందినవారు రేపు మరో కళాశాలకు సాయం చేసే బృందంలో ఉండవచ్చు. గమ్యం ఏమిటో పిలిచినవారే నిర్ణయించుకుంటారు.

తెలుగు రాష్ట్రాల బయట తెలుగు బోధించే శాఖలు చాలావరకు చిన్నవి. ఒకరిద్దరు అధ్యాపకులతో నడిచేవి ఉన్నాయి. ఒకచోట విద్యార్థులు తగ్గుతున్నారు. మరోచోట ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరాలు రానివారికి ఎలా చెప్పాలో తోచదు. తమిళనాడులో ఒక శాఖ తంటాలు పడి కనిపెట్టిన ఉపాయం ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉన్న శాఖకు అక్కరకు రావచ్చు. ఏడాదికి ఒకసారైనా ఒక శాఖ పిలిస్తే ఇద్దరు ముగ్గురు వెళ్ళి, రెండు రోజులు కూర్చుని, తరగతులు చూసి, విద్యార్థుల మాట విని రావడానికి పెద్ద నిధులు అక్కరలేదు. రైలు ఖర్చులు చాలు. అయితే ముందుగా ఒకరు 'మా దగ్గర ఈ ఇబ్బంది ఉంది, రండి' అని ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం విద్యార్థుల వైపు నుంచి మొదలైనా తప్పు లేదు.