గెలిచిన పాపానికి చెయ్యి ముడుచుకున్న ఆసామి

సంక్రాంతికి ఊళ్లో వాలీబాల్ పోటీలు పెడితే బంతికీ, బనియన్లకూ డబ్బిచ్చే పెద్దమనిషి ఒకరుంటారు. జట్టును ఆడించే కుర్రాడు ఒకడుంటాడు. "నెట్టు చిరిగిపోయిందండీ, కొత్తది కొనాలి" అని కుర్రాడంటే, "కుట్టించండి, ఈ ఏటికి చాలు" అని ఆయనంటారు. ఆ కుట్టిన నెట్టుతోనే జట్టు గెలిచిందనుకోండి, వచ్చే ఏడు కూడా కొత్త నెట్టు రాదు. మన దగ్గర వందల్లో తేలిపోయే ఈ పేచీ, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్నంలో కోట్ల పౌండ్లలో నడిచింది.

న్యూకాజిల్ ఒకప్పుడు బొగ్గుకూ, ఓడల తయారీకీ పేరుపడ్డ ఊరు. గనులు మూతపడ్డాయి, ఓడల పని పోయింది. ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం పోలేదు. నలుపు తెలుపు చారల చొక్కాల జట్టు ఆడుతోందంటే సెయింట్ జేమ్స్ పార్క్ మైదానానికి 50 వేల మంది వస్తారు. సింగరేణి వైపు వాళ్లకు ఈ ఊరి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ జట్టును 2007లో మైక్ యాష్లీ అనే వ్యాపారి సుమారు 13 కోట్ల 40 లక్షల పౌండ్లకు కొన్నారు. ఆటల బట్టలు, బూట్లు చౌకగా అమ్మి కోట్లు గడించిన మనిషి. జట్టుకు అప్పులుంటే వడ్డీ లేకుండా 10 కోట్ల పౌండ్లకు పైగా సర్దారు. ఆయన్ను తిట్టేవాళ్లు ఈ మాట చెప్పరు గాని, చెప్పాలి. అయితే 2011లో మైదానం పేరు తీసేసి తన దుకాణాల పేరు తగిలించిందీ ఆయనే. మర్నాటి ఏడు పాత పేరు తిరిగొచ్చింది గాని ఊరి మనసు విరిగింది.

కోచ్‌తో పేచీ ఆయనకు కొత్త కాదు. 2008లో కెవిన్ కీగన్ వద్దన్న ఆటగాణ్ణి పైవాళ్లు తెచ్చిపెడితే, ఆయన రాజీనామా ఇచ్చి పోయారు. విచారణలో తప్పు క్లబ్బుదేనని తేలి, 2009లో 20 లక్షల పౌండ్లు ముట్టజెప్పాల్సి వచ్చింది.

అసలు కథ రఫా బెనితెజ్‌ది. ఈ స్పెయిన్ దేశస్థుడు 2005లో లివర్‌పూల్ జట్టును యూరప్ విజేతగా నిలబెట్టిన ఘనుడు. 2016 మార్చిలో న్యూకాజిల్ మునిగిపోతుండగా వచ్చారు. అక్కడ పై తరగతిలో 20 జట్లుంటాయి. అడుగున ఉన్న మూడూ ఏటా కింది తరగతికి దిగిపోవాలి. దిగితే టి.వి. వాళ్లిచ్చే సొమ్ములో భారీ కోత. పది ఆటలే మిగిలి ఉన్నాయి. ఆయనా ఆపలేకపోయారు, జట్టు దిగిపోయింది. అయినా చివరి ఆటలో టోటెన్‌హామ్‌ను 5-1తో కొడితే, జనమంతా నిలబడి బెనితెజ్‌ను వెళ్లిపోవద్దని పాడారు. ఆయన ఉండిపోయారు. అంత పేరున్న మనిషి కింది తరగతిలో జట్టును ఆడించడానికి ఒప్పుకోవడం మాటలు కాదు.

మరుసటి ఏడే జట్టును కింది తరగతి విజేతగా పైకి తెచ్చారు. 2018లో పై తరగతిలో పదో స్థానం. ఇప్పుడైనా మంచి ఆటగాళ్లను కొనమన్నారు. పిల్లల శిక్షణకూ, సాధన మైదానానికీ ఖర్చు పెట్టమన్నారు. ఆ వేసవిలో యజమాని అమ్మిన దానికంటే కొన్నది తక్కువ. గోల్ కొట్టేవాడు కావాలంటే, తమ ఆటగాడు గేల్‌ను ఒక జట్టుకిచ్చి బదులుగా రోన్డన్‌ను ఏడాదికి తెచ్చుకున్నారు. అదునులో ఎద్దుకు ఎద్దు మార్చుకున్నట్టు! ఆ రోన్డనే 11 గోల్స్ కొట్టాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఓడిపోతే కోచ్‌ది తప్పు. నెట్టుకొస్తే, "చూశారా, ఉన్నవాళ్లు చాలు" అనడానికి యజమానికి వీలు. బెనితెజ్ పనితనమే ఆయన అడిగినదానికి అడ్డం వచ్చింది. యజమాని లెక్క కూడా తీసిపారేసేది కాదు. పై తరగతిలో ఉంటే చాలు, టి.వి. సొమ్మే ఏటా 10 కోట్ల పౌండ్లకు పైమాట. పదో స్థానమైతేనేం, పదమూడైతేనేం? ఆ తేడా టిక్కెట్టు కొన్న జనానికే తెలుస్తుంది.

2018-19లో తొలి పది ఆటల్లో ఒక్క గెలుపూ లేదు. గోల మొదలయ్యాక యజమాని జట్టు మొత్తాన్ని భోజనానికి తీసుకెళ్లారు. జనవరిలో గాని మూట విప్పలేదు. అల్మిరోన్ అనే ఆటగాడికి సుమారు 2 కోట్ల పౌండ్లు పెట్టారు. 2005లో మైకేల్ ఓవెన్‌ను కొన్న తర్వాత క్లబ్బు రికార్డు మారింది అప్పుడే. జట్టు పదమూడో స్థానంలో బయటపడింది. జూన్ నెలాఖరుకు కోచ్ ఒప్పందం ముగిసింది. మళ్లీ కుదరలేదు. బెనితెజ్ చైనాలోని ఒక జట్టుకు వెళ్లిపోయారు.

చిత్రం ఏమంటే, ఆయన గడప దాటిన నెలలోపే యాష్లీ జోలింటన్ అనే ఆటగాడికి 4 కోట్ల పౌండ్లు గుమ్మరించారు. అంటే డబ్బు లేక కాదన్నమాట! జోలింటన్ తొలి ఏడు లీగ్‌లో కొట్టింది రెండే గోల్స్.

2021 అక్టోబరులో యాష్లీ జట్టును సౌదీ అరేబియా నిధి ముందుండి నడిపిన బృందానికి అమ్మేశారు. ధర సుమారు 30 కోట్ల పౌండ్లని వార్తలు. ఆ రాత్రి జనం మైదానం గేట్ల ముందు చిందులేశారు. 2025 మార్చిలో న్యూకాజిల్ లీగ్ కప్ గెలిచింది. దేశంలో పెద్ద కప్పు ఆ ఊరికి రావడం 1955 తర్వాత అదే. ఆరోజు ఆడిన వాళ్లలో జోలింటన్ కూడా ఉన్నాడు, గోల్స్ కొట్టే చోట కాదు, మైదానం నడుమ.