ట్యాగులు తీసేస్తే ‘ఫెయిల్’ ఎందుకు మాయమైంది?

హెచ్‌టీఎంఎల్ పేజీలోంచి ట్యాగులు తీసేసి ఉత్త పాఠం మిగుల్చుకోవాలి. పైథాన్ కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ముందుగా తట్టేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్: < దగ్గర మొదలుపెట్టి > కనబడేదాకా చెరిపెయ్. ఒక్క లైను. చాలా పేజీల మీద బాగానే పనిచేస్తుంది, అందుకే దాని తప్పు ఆలస్యంగా బయటపడుతుంది.

పదో తరగతి ఫలితాల పేజీలో ఈ వాక్యం ఉందనుకోండి: ‘మార్కులు <35 అయితే ఫెయిల్, >=35 అయితే పాస్.’ ఆ లైను నడిపాక మిగిలేది: ‘మార్కులు =35 అయితే పాస్.’ పిల్లలకు ఎంత సంతోషమో! పీహెచ్‌పీలో ఇందుకోసమే ఉన్న స్ట్రిప్ ట్యాగ్స్ ఫంక్షన్‌దీ ఇదే దారి. బ్రౌజర్ మాత్రం వాక్యం మొత్తం చూపిస్తుంది. < వెంటనే అంకె వస్తే అది ట్యాగు కాదని దానికి తెలుసు. కొటేషన్ల నడుమ ఉన్న > ట్యాగును ముగించదనీ తెలుసు. స్క్రిప్ట్, స్టైల్ ట్యాగుల మధ్య ఉన్నది చదువరి కోసం రాసింది కాదనీ తెలుసు.

అందుకని ఆ నియమాలు తెలిసిన పార్సర్‌కే పని అప్పగించాలి. పైథాన్‌తో పాటే వచ్చే హెచ్‌టీఎంఎల్ పార్సర్, పాఠం తగిలినప్పుడల్లా హ్యాండిల్ డేటా అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ముక్కలు పోగేసుకుంటే చాలు. స్క్రిప్ట్, స్టైల్ లోపల ఉన్నంతసేపు పోగెయ్యకూడదు. బ్యూటిఫుల్ సూప్ అనే పైథాన్ లైబ్రరీ వాడేవాళ్లకు గెట్ టెక్స్ట్ అనే ఫంక్షన్ ఉండనే ఉంది.

ముక్కలు అతికేటప్పుడు ఒక మెలిక. పేరా ముగిసినచోట ఖాళీ పెట్టకపోతే రెండు పేరాల మాటలు అంటుకుపోతాయి. పోనీ అని ప్రతి ట్యాగు దగ్గరా పెడితే, వ్యాకరణ పాఠంలో విభక్తిని బోల్డ్ చేసిన ‘రాముడికి’ కాస్తా ‘రాముడి కి’ అవుతుంది. పేరా, డివ్, లైన్‌బ్రేక్ లాంటివాటి దగ్గరే ఖాళీ పెట్టండి.

ఇక &తో మొదలయ్యే సంకేతాలు. వీటిని ట్యాగులు తీశాకే విప్పాలి. ముందే విప్పితే, పేజీలో చూపించడానికి సంకేతంగా రాసుకున్న < కూడా నిజం ట్యాగులా కనబడి మాటలను మింగేస్తుంది. పార్సర్ ఈ వరస తప్పదు. విప్పిన పాఠాన్ని మళ్లీ పేజీలో పెట్టేట్టయితే మాత్రం తిరిగి సంకేతాలుగా మార్చి తీరాలి, లేకపోతే ఎవరో దాచిన స్క్రిప్ట్ నడుస్తుంది.

సంకేతాలే కదా అని చెరిపేసేవాళ్లూ ఉన్నారు. తెలుగులో పొల్లును విడిగా నిలిపే కంటికి కనబడని అక్షరం ఒక్కోసారి 8204 అనే అంకెతో సంకేతంగా వస్తుంది. అది చెరిగితే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది.